నేను అందరినీ ఫెయిల్ చేసిన పాట

ఫ్యాక్షన్ రగులుతున్న ఆ ఏళ్లలో నేను జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో టీచరును. మా చర్చి క్వయర్‌కు పాటలు కూడా నేనే నేర్పేదాన్ని. ఆ క్రిస్మస్ ఉదయం యేసు పుట్టుక కథంతా రెండు గంటలు పాటలుగా పాడించాను. చరణాలు ఒక్కడే పాడిన ఏసోబుది ఒక పార్టీ. పల్లవి అందుకున్న క్వయర్ అంతా ఎదుటి పార్టీ వీధివాళ్లు.

పాట అయ్యాక పెద్దలు లేచి అభిప్రాయం చెప్పడం మా చర్చిలో ఆనవాయితీ.

"మా ఏసోబు గొంతు ముందర ఆ గుంపు ఏ మూలకొస్తాదప్పా?" అన్నాడు ఏసోబు మామ.

"గుంపు ఎత్తుకోకపోతే వాని గొంతు యాడ వినపడ్తాది?" అంటూ అవతలి పెద్ద లేచాడు.

వాళ్లతోపాటు రెండు వైపులా మగవాళ్లంతా లేచారు. ఒకడి చెయ్యి నడుము దగ్గరికి పోయింది.

"నువ్వు చెప్పు టీచరమ్మా, ఎవురు బాగా పాడినారు?" అని ఏసోబు మామ నా వైపు తిరిగాడు.

"ఎవురూ పాడలేదు!" అన్నాను గట్టిగా. "ఏసోబు శ్రుతి తప్పినాడు, క్వయర్ తాళం తప్పింది. ఇద్దరూ ఫెయిలే. రేపట్నుంచి అందరూ కలిసి ప్రాక్టీసుకు రావల్ల!"



"ఏందప్పా, ఈయమ్మకు శానా పొగరు!" అన్నాడు ఏసోబు మామ. "అవునప్పా" అన్నాడు అవతలి పెద్ద. ఇద్దరూ నన్ను తిట్టుకుంటూ కలిసే బయటికి నడిచారు.

నిజానికి ఆ రోజు ఒక్క స్వరం కూడా తప్పలేదు. ఆ మాట ఇన్నేళ్లకు ఈ పేజీలోనే మొదటిసారి ఒప్పుకుంటున్నాను.