మాల్ గోడకు అత్తమ్మ పెట్టించిన కిటికీ

మొన్న కోడలు ఫోన్ చేసి, మన మాల్‌కు చుట్టూ కొత్తగా నల్లద్దాలు బిగిస్తున్నారనీ, సోమవారం నుంచి మేడ మీది మన దుకాణం కిటికీ కూడా మూసేస్తారనీ చెప్పినప్పుడు నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్నాను. తను తేలిగ్గానే చెప్పింది గానీ నా చేతిలో పని ఆగిపోయింది. సిద్దిపేటలో నాలుగు గోడల మధ్య, ఒకే కప్పు కింద, అద్దాల తలుపు వెనక లేచిన మొదటి షాపింగ్ మాల్ మాది అని నేను ఇప్పటికీ అంటుంటాను, అన్నప్పుడల్లా మనవరాలు నవ్వుతుంది, ఎందుకంటే అందులో మాకున్నది ఒక్క గది. ఉండనీ. ఆ భవనం మొత్తానికి ఉన్న ఒకే ఒక్క కిటికీ మాత్రం మాదే.

అంతకు ముందు మా దుకాణం బస్టాండు దారిలో రోడ్డు వారనే ఉండేది. రైక బట్టలు, లంగాలు, చీర ఫాల్సు అమ్మేవాళ్ళం. ఇప్పటి పిల్లలు మ్యాచింగ్ అంటారు, మేము జత చూడటం అనేవాళ్ళం. ఆ జత ఎంత పనో మా ఈడు ఆడవాళ్ళకు నేను చెప్పనక్కర లేదు. చీర కొంగు ఒక చేత, రైక బట్ట ఒక చేత పట్టుకుని, దుకాణం మెట్టు దిగి ఎండలో నిలబడి, అటు తిప్పి ఇటు తిప్పి, దారిన పోయే ఎవరో ఒకామెను ఆపి ఆమె మాట కూడా విని, అప్పుడు గానీ ఎవరూ ఊఁ అనేవారు కాదు. మా అత్తమ్మకు అక్షరం రాదు గానీ, పచ్చలోనే చిలక పచ్చ, పెసర పచ్చ, మామిడాకు పచ్చ, ఇంకా నాకు ఇప్పుడు గుర్తు రానివెన్నో వేరు చేసి చెప్పేది. ఎండలో చూడనిదే రంగు చెప్పవద్దని కొత్త కోడలిగా వచ్చిన నాకు ఆమె నేర్పిన మొదటి పాఠం.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ దుకాణం పోయింది. మా ఆయన ఉన్నదంతా పెట్టి, కొత్తగా కట్టిన మాల్‌లో మేడ మీద గది తీసుకున్నారు. అబ్బ, ఆ రోజుల్లో ఎంత జనం! కోమటి చెరువు చూసినవాళ్ళు చూసినట్టే ఇటు వచ్చేవాళ్ళు, కదిలే మెట్ల దగ్గర కొంగు నడుముకు బిగించి ఒకరినొకరు ముందుకు తోసుకునేవాళ్ళు, మెరిసే నేలను చూసి చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని నడిచినవాళ్ళూ ఉన్నారు. అందరూ చూసిపోయేవాళ్ళే. మా దగ్గర కొన్న కొద్దిమందీ తెల్లారి తిరిగి వచ్చేవాళ్ళు, ఎందుకంటే ట్యూబులైట్ల కింద అచ్చంగా కలిసిన రైక, ఇంటికి పోయి వాకిట్లో విప్పేసరికి వేరే రంగయ్యేది. అన్నేళ్ళుగా తప్పని నా కన్ను తప్పడం మొదలుపెట్టింది. కిందికి తీసుకుపోయి చూద్దామంటే, బిల్లు కాని బట్ట అద్దాల తలుపు దాటకూడదని మాల్ వాళ్ళ నిబంధన. బతుకమ్మ పండుగ దాకా చూసి గది వదిలేద్దామన్నారు మా ఆయన. వదిలేస్తే మళ్ళీ దుకాణం పెట్టుకోవడానికి మాకు ఎక్కడా జాగ లేదు.

పండుగ వారం రోజులుందనగా ధూళిమిట్ట నుంచి ఒకామె వచ్చింది. నాట్లు వేసిన కూలితో తన కోసమని మొదటిసారి కొనుక్కున్న చీరట, వంకాయ రంగు. నేనిచ్చిన రైక బట్టను కాసేపు చూసి, పాత అలవాటు చొప్పున రెండూ పట్టుకుని ఎండ వెతుక్కుంటూ కిందికి దిగిపోయింది. నిబంధన సంగతి ఆమెకేం తెలుసు? తలుపు దగ్గర కాపలా అతను బట్ట గుంజుకుని దొంగ అన్నాడు. నలుగురూ గుమిగూడారు, ఆమె ఏడుపు మొహం పెట్టింది. నేను పైనుంచి చూస్తూ నిలబడ్డాను. అత్తమ్మ మాత్రం, ఏనాడూ కదిలే మెట్లు తొక్కని మనిషి, వాటి మీదనే గబగబా దిగిపోయి ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఎవల్ని దొంగ అంటున్నవు? రంగు సూసుకోనీకి పోతుంది. నా గిరాకిని అన్నవంటె నన్నన్నట్టే!”

అని అద్దాల తలుపు తోసుకుని ఆమెను ఎండలోకి తీసుకుపోయింది. ఇద్దరూ నిలబడి చూసుకున్నారు. రంగు కలవనే లేదు.

అటు నుంచి అటే అత్తమ్మ మాల్ కట్టిన సేటు దగ్గరికి పోయి, మా గదికి కిటికీ కావాలని అడిగింది. చల్లగాలి పోతుందనీ, గోడ అందం చెడుతుందనీ, పట్నంలో ఏ మాల్‌కూ కిటికీ ఉండదనీ సేటు ఓపికగానే చెప్పారు.

“మా గిరాకి పట్నపోళ్ళు గాదు సేటూ, పొలం కాడికెల్లి వచ్చిన్రు. గీ లైట్ల కింద రైక బట్ట అమ్ముడంటె మోసం జేసుడే. గా పని నేను జెయ్య.”

మా ఆయన తల వంచుకున్నారు. నాకు మాత్రం ఆమె కోడలినైనందుకు ఆ రోజు కలిగిన గర్వం ఇప్పటికీ తగ్గలేదు. సేటు రెండు రోజులు నానబెట్టి మూడో రోజు మేస్త్రీని పంపారు. తూర్పు గోడ కొట్టి, గాలి పోకుండా తెరుచుకోని అద్దం బిగించారు, రంగు లేని తెల్లటి అద్దమే. దుకాణంలో ఎండ పడగానే అత్తమ్మ బస్సు కండక్టరుతో ధూళిమిట్టకు కబురు పంపింది. ఆమె వచ్చి, ఆ కిటికీ దగ్గర మొదటి జత చూసుకుని, నవ్వుతూ పోయింది.

ఆ పండుగకు మా దుకాణంలో నిలబడటానికి చోటు లేదు. మాల్‌లో ఎవరు ఎక్కడ చీర కొన్నా విప్పి చూసుకోవడానికి మా కిటికీకే వచ్చేవాళ్ళు, చివరికి సేటు ఇంటి ఆడవాళ్ళు కూడా. గది వదిలే మాట మా ఆయన మళ్ళీ ఎత్తలేదు.

నిన్న పోయి చూశాను. కోడలు పెట్టించిన కొత్త లైట్లు ఎండ లాంటి వెలుగే ఇస్తున్నాయి, రంగు తప్పడం లేదు, నేనే పరీక్షించాను. పిల్లలు ఫోన్లో చీర ఫోటో చూపించి రైక కొనుక్కుని పోతున్నారు. ఇంకొకరిని అడిగే పని లేదు. అది తప్పని అనను గానీ, నాకెందుకో బెంగగా అనిపించింది. అత్తమ్మ గుర్తుగా దాచుకున్న చిలక పచ్చ చీర నా వెంట తీసుకుపోయాను. కిటికీ దగ్గర పరిచి ఒక్కో రైక బట్ట తానూ పెట్టి చూస్తుంటే, ఎవరో తెలియని అమ్మాయి పోతూ పోతూ ఆగింది.

“గది గాదు అమ్మమ్మా, గిది కలుస్తది,” అని పక్క తాను తీసి ఇచ్చింది.

ఎండలో పెట్టి చూశాను. ఆ పిల్ల చెప్పిందే నిజం. కోడలితో ఆ బట్టే కత్తిరించి ఇమ్మన్నాను, కుట్టడానికి కూడా ఇచ్చేశాను. ఈ బతుకమ్మకు ఆ చీర కట్టుకుని నిలబడితే జత ఎక్కడ కుదిరిందని ఎవరో ఒకరు అడగకపోరు. చూపించడానికి అప్పటికి కిటికీ ఉండదు, నేనే చెప్పాలి.