అంచు లేని మొగులు

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెబుతాను. ఇంట్లో దోమ కుట్టిందని చెప్పాల్సి వస్తే పాము పడగ విప్పిందని మొదలుపెడతాను. మా ఆవిడ కళ్లెర్రజేస్తే కందిరీగ దాకా దిగుతాను. దోమ దాకా ఏనాడూ దిగలేదు. సిద్దిపేటలో నన్నెరిగిన వాళ్లు నా మాటను సగానికి కోసి, ఆ సగంలో మళ్లీ సగం తీసేసి, మిగిలినదాన్ని కూడా ఇంకొకరిని అడిగి నమ్ముతారు. మీరూ అలాగే చదువుకోండి. ఒక్క విషయంలో మాత్రం కోత పెట్టొద్దు. అదేమిటో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

నిన్న రైతుబజారులో గోబీ పువ్వు ఒకటి చేతిలోకి తీసుకున్నాను. చల్లగా, బరువుగా, వేళ్ల కింద గట్టిగా ఉంది. నాకు తెలియకుండానే దాన్ని ఆకాశం మీదికెత్తి, ఒక కన్ను మూసి, అంచు చూశాను. "ఏంది సారూ, గోబీల బంగారం దొరికిందా? కొంటే కొను, లేకుంటే కింద పెట్టు. గిరాకీ టైమిది" అంది అమ్మే ఆవిడ. గోబీ వెనకాల ఆకాశంలో నిజంగానే మొగులు, అదే మేఘం, లేస్తోంది. గోబీ పువ్వును చూసి గుండె దడ తెచ్చుకునే మనిషి ఈ జిల్లాలో నేనొక్కడినే అయివుంటాను. ఆ దడను నాకు అంటించింది వనజ మేడం.

అప్పట్లో నేను ఆటోకు మైకు కట్టుకుని ఊరూరా తిరుగుతూ ప్రకటనలు చెప్పేవాడిని. ఇద్దరు నిలబడితే మూడోవాడు బయట ఆగాల్సిన చీరల దుకాణాన్ని దక్షిణ భారతంలోకెల్లా పెద్దదని చాటడం నా వృత్తిధర్మం. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మేఘమథనం చేయిస్తున్నారని కబురొచ్చింది. మేఘాల్లోకి విమానం పంపి, మందు పొగ వదిలి, వాన కురిపించే ప్రయత్నమన్నమాట. మేఘాలకు మందు పోస్తారట అని విని మా వాళ్లు కొందరు ఆ విమానంలో ఉద్యోగాలున్నాయా అని అడిగారు. ఏ మేఘం మందుకు పనికొస్తుందో, ఏది పనికిరాదో తేల్చే పని మీద వచ్చారు వనజ మేడం. పరాయి మనిషి కాదు, సిద్దిపేట నేతగాళ్ల ఇంటి బిడ్డే. వాతావరణ శాస్త్రం చదువుకుని ఎక్కడెక్కడో పనిచేసి వచ్చారు. గుట్టల మీద నిలబడి మేఘాలను చూసి ఫోనులో చెప్పడానికి, ఊళ్లన్నీ తెలిసి నోరున్న మనిషొకడు కావాలన్నారు. నోటి సంగతికొస్తే జిల్లాలో నాకు పోటీ లేదు.

మొదటి రోజే కొమురవెల్లి గుట్టెక్కి ఫోను చేశాను. "మేడం! మొగులు గాదిది! వంద ఏనుగులు లైనుగ నడుస్తున్నట్టున్నది! హిమాలయాలు దీని ముంగట పిల్లకాయలు!"

"రాజేశం, ఏనుగులను నేను జూల చూసిన. నాకు మొగులు గావాలె. కింద ఎట్లున్నది? గీత గీసినట్టు తిన్నగున్నదా, చీలికలై వేలాడుతున్నదా?"

"కింద... నల్లగున్నది మేడం."

"పైన అంచు ఎట్లున్నది? గోబీ పువ్వోలె గట్టిగున్నదా, ఏకిన దూదోలె చెదిరిందా?"

అప్పటిదాకా మేఘాన్ని గురించి మాట్లాడాను గానీ, దాన్ని చూడలేదు.

మర్నాడు నన్ను వాళ్లింటికి తీసుకెళ్లి వాళ్ల నాయన మగ్గం ముందు కూర్చోబెట్టారు. మగ్గం దిగిన చీరను ఆయన మొత్తం విప్పకుండా, అంచును రెండు వేళ్ల మధ్య పట్టుకుని జరుపుతూ పోయి ఒకచోట ఆగి, "ఈడ పోగు తెగింది" అన్నాడు. మేడం నవ్వి, "నా కొలువు గూడ గిదే రాజేశం" అన్నారు. గోబీ అంచు ఉంటే ఆ మేఘం లోపలి నుంచి ఇంకా పొంగుతోందని, నీళ్లున్నాయని అర్థం. దూదిలా చెదిరితే దాని పని అయిపోయింది. గుట్టకు దుప్పటిలా కప్పుకుని అంచే లేకుండా పరుచుకున్నదానికి లోతు ఉండదు. మందు ఉన్న నీళ్లను దించడానికి సాయపడుతుందేమో గానీ లేని నీళ్లను పుట్టించదు. ఇదంతా ఆమె నాకు గోబీలు, దూది, దుప్పట్లతోనే చెప్పారు. నాకు అర్థమయ్యే శాస్త్రం అదొక్కటే.

అర్థమైన కొద్దీ నా నిద్ర పోయింది. అంతకు ముందు మొగులైతే సంతోషపడేవాడిని. ఇప్పుడు మొగులైతే పరీక్ష. ధూళిమిట్టలో మా అక్కా బావల మక్కజొన్న చేను పూత మీదుంది. ఆకులు బీడీల్లా చుట్టుకుపోతున్నాయి. బోరు ఎప్పుడో చేతులెత్తేసింది. ఆ వారం గడిస్తే కంకి పట్టదు. బావ రోజూ ఫోను చేసేవాడు. "ఏమైంది బామ్మర్దీ? దునియా మొత్తం మైకుల చెప్తవు, మీ మేడానికి మా చేను సంగతి చెప్పరాదా?" చెప్పాను. మేడం విన్నారు. "మీ అక్క చేను నాకు తెలుసు. మొగులుకు తెలువదు గద" అన్నారు. అన్న తర్వాత ఆ పూట ఆమె అన్నం సరిగా తినలేదు.

విమానం ఒక్కటే, జిల్లాలు చాలా. అందులో ఇంకొక్కసారికి సరిపడా మందే మిగిలిందన్నారు. విమానం వాళ్లతో మాట్లాడే పని ప్రసాదు గారిది. గోదావరి జిల్లా నుంచి వచ్చిన, 'అండీ' లేనిదే తుమ్మని మనిషి. ఒక సాయంత్రం మేడం ఫోనులో నాతో, "రేపు మబ్బుల పోదాం, కొమురవెల్లి గుట్ట మీదికి. ప్రసాదు గారికి గూడ చెప్పు, విమానమోళ్లకు ఎరుకుండాలె" అన్నారు. ఉన్నదున్నట్టుగా, ఒక్క అక్షరం పెంచకుండా, ప్రసాదు గారికి చేరవేశాను. నా జన్మలో పెంచకుండా చేరవేసిన తొలి మాట అదే. కొంప ముంచింది కూడా అదే.

మా వైపు మేఘాన్ని మొగులంటాం. మబ్బంటే తెల్లవారుజాము చీకటి. 'మబ్బుల లేచిన' అంటే ఇంకా తెల్లారక ముందే లేచానని. గోదావరి చెవికి అది ఎలా వినబడిందో ఊహించుకోండి. రేపు వానేనన్న ఆనందం పట్టలేక ప్రసాదు గారు టీ కొట్టు దగ్గర కూడా ఆ మాట అన్నారు. సిద్దిపేట టీ కొట్టు దగ్గర అన్న మాట నా మైకు కంటే దూరం పోతుంది.

మబ్బుల లేచి మేడమూ నేనూ గుట్టెక్కేసరికి అక్కడ జాతర ఉంది. డప్పులు, కొబ్బరికాయలు, ముందు వరుసలో మా బావ. గుట్టంతా బూడిద రంగు మొగులు కప్పుకుని ఉంది. తెల్లారుతుండగా పైనెక్కడో విమానం చప్పుడు వినిపించింది. మేడం నా వైపు తిరిగారు. "విమానాన్ని ఎవలు పిలిచిన్రు?"

ప్రసాదు గారికి ఫోను కలిపాను. "మీరే కదండీ! మేడంగారు మబ్బుల్లో పోదామన్నారని చెప్పారు! పంపించేశామండీ మబ్బుల్లోకి!"

"మబ్బుల అంటే తెల్లారకముందు సారూ!"

"మరి తెల్లారకముందు అని ఏడవొచ్చు కదండీ! మందు వదలమంటారా, వద్దంటారా? ఎక్కువసేపు తిరగలేమంటున్నారు. తొందరగా చెప్పండి!"

ఫోను మేడం చేతికిచ్చాను. బావ ముందుకొచ్చాడు. "మేడం, మీరు మా సిద్దిపేట బిడ్డనే. మొగులున్నది, విమానమున్నది, మందున్నది. ఇంకేం గావాలె? ఒక్కసారి ఊ అనున్రి." వెనక నుంచి ఎవరో డప్పు మీద ఒక్క దెబ్బ వేశారు. ఆ దెబ్బ నా వెన్నులో పడింది.

మేడం నా చెయ్యి పట్టుకుని బండ చివరికి లాక్కెళ్లారు. "రాజేశం, ఇంతమంది మొకాలు చూసినంక నాకు మొగులు సాఫ్ కనిపిస్తలేదు. నా కండ్ల మీద నాకే అనుమానమైతుంది. నువ్వు చూసి చెప్పు."

చూశాను. తూర్పున పొద్దు పొడుస్తోంది. ఆ మొగులు లోంచి సూర్యుడు కంచంలా గుండ్రంగా కనిపిస్తున్నాడు. కంటికి గుచ్చుకోకుండా చూడొచ్చు. వంద ఏనుగులు కావాలంటే నా నోట్లో సిద్ధంగా ఉన్నాయి. వెనక బావ ఊపిరి వినిపిస్తోంది.

"అంచు లేదు మేడం. దాంట్లకెళ్లి పొద్దు కనిపిస్తుంది."

ఆమె కళ్లు మూసి తెరిచారు. "వద్దు. వాపస్ పొమ్మనున్రి" అన్నారు ఫోనులో. చప్పుడు దూరమైంది. డప్పులు మోగలేదు. బావ నా దగ్గరికొచ్చి, అందరూ వినేట్టు అన్నాడు. "పుట్టినకాడికెళ్లి అబద్ధం తప్ప ఆడనోనివి. నిజం చెప్పనీకి నీకు ఇయ్యాలనే దొరికిందా, బామ్మర్దీ?"

జీపులో మేడం రెండు చేతులూ మోకాళ్ల మధ్య బిగించుకుని కూర్చున్నారు. "ఊ అనుడు ఎంత అల్కగ, ఎంత సులువుగ ఉండె" అన్నారు. "నీకు భయమైతుందా?" అని అడిగారు. అవుతోందన్నాను. "కానియ్యి. నాకు ఇన్నేండ్లయినా పోలేదు. గా భయం లేకుంటే రెండోసారి చూడబుద్ధి గాదు."

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం పడమట అసలైన మొగులు లేచింది. అడుగు తిన్నగా, అంచు గోబీ పువ్వులా. నేను చెప్పాను, మేడం తానే చూసి ఊ అన్నారు, మిగిలిన మందుతో విమానం వచ్చింది. ధూళిమిట్టలో వాన కుండలతో గుమ్మరించినట్టు కురిసింది. బావ చేనులో బురదలో పడి లేచి చిందేశాడు. పంట చేతికొచ్చాక అక్క కంకులు కాల్చి మేడం చేతిలో పెడితే, ఆమె మూతంతా మసి చేసుకుని తిన్నారు.

ఇక ఒప్పుకోవాల్సిన చోటికి వచ్చాం. జాతరంత జనం పెంచినది. డప్పు నిజానికి ఒక్కటే. పెంచడం వేరు, కల్పించడం వేరు. నేను కల్పించింది ఆ ధూళిమిట్ట వాననే. మొగులు నిజం, దాని అంచు నిజం, విమానం నిజం. వాన కూడా పడింది. కానీ గాలికి జరిగి బెజ్జంకి దిక్కు పడింది. మందు వల్ల పడిందో, తనంతట తానే పడిందో చెప్పలేనని మేడమే అన్నారు. మా అక్క చేనులో దుమ్ము కూడా తడవలేదు.

కంకి పట్టని మక్కను అక్క పశువుల మేతకు కోస్తుంటే మేడం వచ్చారు. ఎవరూ పిలవలేదు. గెట్టు మీద నిలబడ్డారు. అక్క కొడవలి ఆపి అడిగింది. "మేడం, ఆ పొద్దు గుట్ట మీది మొగులుకే మందు పోసి ఉంటే మాకు పడునా?"

"పడకపోవునక్కా."

అక్క ఆమె వైపు చూడలేదు. నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు తమ్మీ."

"అంచు లేకుండెనక్కా."

నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి. నా మాటలో సగం కొయ్యడం లోకానికి నేర్పిందే ఆమె. చాలాసేపు నా మొహంలోకి చూసింది. "అయితే లేనట్టే" అని మళ్లీ వంగింది. మోపు కట్టాక ఒక పక్క నేను, ఇంకో పక్క మేడం పట్టి ఆమె నెత్తికెత్తాం.

వనజ మేడం ఇప్పుడు వేరే రాష్ట్రపు కొండల్లో, అక్కడి మేఘాలకు ఇవే ప్రశ్నలు వేస్తున్నారని విన్నాను. నిన్న గోబీ సంచిలో వేసుకుని బజారు దాటుతుంటే అక్క ఫోను చేసింది. నా బీపీ గురించి నేను చెప్పేది ఆమె నమ్మదు, నా కొడుకు మార్కులు అసలే నమ్మదు. "తమ్మీ, పడమట మొగులైంది. చూసినవా?"

"చూసిన."

"ఎట్లున్నది?"

నడిరోడ్డు మీద తలెత్తాను. వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. రెండోసారి చూశాను.

"కింద తిన్నగున్నదక్కా. అంచు గట్టిగనే ఉన్నది. గని ఇంకా మన దిక్కు మర్లలేదు."

"సరే" అంది అక్క. "మర్లితే చెప్పు."

ఆటోను పోనిచ్చి, అక్కడే ఓ పక్కకు నిలబడ్డాను.