మెడగుడ్డ మీద మొలిచిన గడ్డం

ఈ సంగతి జరిగిన ఏడే రాయాల్సింది. అప్పటికి నాకు అక్షరాలు రావు. అన్నమయ్య జిల్లాలోని మా ఊళ్లో బడి ఉండేది గాని, అమ్మ బొప్పాయి తోటల్లోకి కూలికి వెళ్తే చెల్లెళ్లను ఎత్తుకునే పని నాది. యాభై దాటాక కువైట్‌లో నేర్చుకున్నాను. ఇంత పొడుగున రాసే తీరిక మాత్రం కిందటేడు పని మానేసి వచ్చాకే దొరికింది.

నన్ను సబ్హాన్‌లోని గోదాముకు మార్చింది పదేళ్ల కిందట, దుమ్ముగాలుల కాలంలో. అంతకుముందు అర్దియాలో ఒక ఇంట్లో వంట, శుభ్రం చేసేదాన్ని. ఆ ఇంటి యజమానురాలిని మామా అనేవాళ్లం. ఆమె అన్నగారికి పాత ఇంగ్లీషు అచ్చుబొమ్మలు సేకరించే అలవాటు. ఆయన్ని అందరం బాబా అనేవాళ్లం. తన గోదాములో పెట్టిన ఆ బొమ్మల దుమ్ము తీయడానికి నెమ్మదైన చెయ్యి కావాలని నన్ను అడిగి తీసుకున్నారు. మూడు నెలలు చూస్తారు. పని నచ్చితే నా ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, ఇంటి వీసా నుంచి కంపెనీ వీసాకు మారుతుంది. అంటే ఎనిమిది గంటల పని, శుక్రవారం సెలవు, నాకంటూ ఒక గది. నచ్చకపోతే మళ్లీ వంటిల్లే.

అక్కడ నా పై అధికారి సత్యవేణి గారు, కోనసీమ మనిషి. పద్ధతి ఆమే నేర్పారు. చేతులు కడిగి పూర్తిగా ఆరబెట్టుకోవాలి. కాగితాన్ని రెండు చేతులతో, ఎదురెదురు మూలల్లో పట్టాలి. మేకవెంట్రుకల కుంచెతో మధ్యనుంచి అంచుకు దులపాలి. టార్చిలైటు ఏటవాలుగా వేసి చూడాలి. బూజు అనుమానం వస్తే ఆ కాగితాన్ని నీలం పెట్టెలో వేరుగా ఉంచాలి, లేకపోతే పక్కవాటికి పాకుతుంది. ఆ గదిలోకి సిరా రాకూడదు. ఏం రాసినా పెన్సిలే.

పెట్టెల నిండా ఒకే మనిషి. పేర్లు చదవలేకపోయినా కనుబొమలు చూసి గుర్తుపట్టాను, గొంగళిపురుగుల్లాంటి కనుబొమలు. కొన్నిట్లో పెద్దమనిషిలా కూర్చుని ఉంటాడు. కొన్నిట్లో బొత్తాలు తెగిన పొట్ట, చేతిలో పాచికలు. ఎవరీయన అని అడిగాను. రెండువందల ఏళ్ల పైమాట, ఇంగ్లండు పార్లమెంటులో గొప్ప మాటకారి, జూదగాడు కూడానని చెప్పారు.

“ఇట్ల గీస్తే ఊరకుండ్న్యాడా మేడం ఈయప్ప?”

“ఊరుకోక ఏం చేస్తాడండీ, కొట్ల అద్దాల్లో వేలాడదీసి అమ్మేవారు. ఊరంతా నిలబడి నవ్వేదట!”

మూడో నెలలో ఆ బొమ్మల్ని విదేశంలో ప్రదర్శనకు పంపాల్సి వచ్చింది. కట్టే ముందు పరీక్ష నాది. పదకొండు కాగితాలు నీలం పెట్టెలో పెట్టాను. అన్నిట్లోనూ ఆయన గడ్డం దగ్గర నల్లగా ఉంది.

సత్యవేణి గారు చూసి కుర్చీలో కూలబడి నవ్వారు. “ఆయ్, బూజు కాదండీ బాబూ, గడ్డం! ఆయన సరిగా గీసుకునేవాడు కాదని ఎగతాళికి అలా వేసేవారు.”

డబ్బిచ్చి గీయించుకున్న బొమ్మల్లో చెంపలు నున్నగా ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది. కాని నవ్వు అక్కడితో ఆగలేదు. పదకొండు బొమ్మలు ఆగాయని ఎవరో బాబాకు ఫోన్ చేశారు. ఆయన నవ్వలేదు. ఖలాస్, ఆమెను చెల్లెలింటికి పంపెయ్యమన్నారట.

కాగితాలు మళ్లీ సర్దేముందు ఒక్కసారి చూస్తానన్నాను. సత్యవేణి గారు గడియారం చూసి, భూతద్దం నా ముందుకు జరిపారు. రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన బొమ్మల్లో గడ్డం కూడా గీతలే. పదింటిలో గీతలు సన్నగా, ఒక వరసలో ఉన్నాయి. పదకొండో దాంట్లో గీతల మీద నూగులాంటి చుక్కలున్నాయి. అవి గడ్డం దిగి, తెల్లని మెడగుడ్డ మీదికి పోయాయి.

“గడ్డం గుడ్డ మీద మొలవదు గదా మేడం?”

ఆమె వంగి చాలాసేపు చూశారు. “అయ్యబాబోయ్, దీన్ని కూడా కట్టేసేదాన్నండి,” అన్నారు.

అనుమానం నిజమని తేలితే బొమ్మకు ఏం చెడుపు ఉందో చెప్పే స్థితిపత్రం రాయాలి, కనిపెట్టినవాళ్లు సంతకం చేయాలి. నాది వేలిముద్ర. దానికి సిరా కావాలి, పత్రమేమో బొమ్మతోపాటు ఆ గదిలోనే ఉండాలి. తన పేరు పెట్టేస్తానన్నారామె, మంచి మనసుతోనే. నేను ఒప్పుకోలేదు. బాబా చదివేది ఆ ఒక్క కాగితమే. “రేపు పొద్దునదాకా ఆగండి మేడం, నా పేరు నేనే పెడ్తా,” అన్నాను. ఆమె ఒక చీటీ మీద నా పేరు పెద్దగా రాసిచ్చారు. సాయంత్రం, అప్పటికింకా ఉంటున్న అర్దియా ఇంటి వంటింట్లో రొట్టెపిండి నానేలోపు, బొమ్మ దించినట్టు దాన్ని అట్టముక్కల మీద దించాను.

బాబా ఆ పత్రం చూశాకే నా వీసా మారింది. తొమ్మిదేళ్లు అక్కడే చేశాను. ఆ పనిలో నేర్చుకున్నది ఇది: మొదటి అనుమానం తప్పని తేలినా, రెండోసారి ఒక్కొక్క కాగితాన్నీ విడిగా చూడాలి. చూసినవాళ్లే సంతకం పెట్టాలి.

ఆ చీటీ దించిన మరునాడు పొద్దున గోదాముకు అందరికంటే ముందు వెళ్లాను. చేతులు కడిగి ఆరబెట్టుకున్నాను. పెన్సిల్‌తో స్థితిపత్రం కింద రమణమ్మ అని గీసి, తర్వాతి పెట్టె తెరిచాను.