పసుపు చిగురు పొద

తేయాకు తోటలో పొదలు కత్తిరించే ఆ మనిషికి పెళ్లి కాలేదు. పిల్లనిస్తామని ఎవరూ రాలేదు, ఇమ్మని అతనూ అడగలేదు. అన్నావదినల పక్కగదిలో ఒక్కడే ఉండేవాడు. లోకం మీద అలగనూ లేదు. అలగడానికైనా బతిమాలే మనిషి ఒకరుండాలి కదా.

పాత వరసల చివర ఒక పొద ఉంది. చుట్టూ ఉన్నవన్నీ ముదురాకుపచ్చగా ఉంటే దాని చిగుళ్లు మాత్రం నిమ్మపండు రంగు. చూసినవాళ్లు తెగులన్నారు. అతను పనయ్యాక దాని పక్కన కూర్చుని ఆ పూట సంగతులు చెప్పుకునేవాడు.

“ఏం మరిదీ, మీ ఆవిడ ఎలా ఉంది?” అనేది వదిన.

“ఎదురుచెప్పదు వదినా. అంతకంటే ఏం కావాలి?”

“అయితే మీ అన్నకీ అలాంటిదే ఒకటి చూడవయ్యా, నాకు కాస్త తెరిపిగా ఉంటుంది!”

ఆ ఏడు పాత వరసలు పీకించి కొత్త మొక్కలు వేయాలనుకున్నారు. ఆ ఒక్క పొదనీ వదిలేయమని అతను మేస్త్రీ కాళ్లావేళ్లా పడ్డాడు.

“ల్యాబ్ మేడమ్ వచ్చి చూస్తారు. చిగురు నిజంగా పసుపైతే ఉంచుతాం. లేదా, అన్నిటితోపాటే అదీ,” అన్నాడు మేస్త్రీ.

ఆవిడ వచ్చేలోగా ఎండలు ముదిరాయి. చిగుళ్ల అంచులు మాడుతుంటే అతనికి ప్రాణం ఉసూరుమంది. మొక్కల షెడ్డులోంచి నీడకి కట్టే నల్లవల అడిగి తెచ్చి, కర్రలు పాతి పొదకి పందిరేశాడు. మాడినవి గిల్లేశాడు. కొత్త చిగుళ్లు నవనవలాడుతూ వచ్చాయి. రంగు మారుతున్నట్టు అనుమానం రాకపోలేదు. వల కింద మసకలో అలా కనిపిస్తోందని సర్దిచెప్పుకున్నాడు.

మేడమ్ వచ్చిన పొద్దున వల తీశాడు. పొద పొదంతా ఆకుపచ్చ.

“ఏదయ్యా నీ పసుపు? కళ్లు చూపించుకోకూడదూ!” మేస్త్రీ పగలబడి నవ్వాడు.

మేడమ్ నవ్వలేదు. పందిరి కర్రల వైపు చూసింది. “వల ఎందుకేశారు?”

“మాడిపోతోందని, అమ్మా.”

“కొన్ని పొదల పుట్టుకే అంతండీ. గట్టి ఎండ తగిలితే చిగురులో ఆకుపచ్చదనం తయారుకాదు. పసుపుగా వస్తుంది, వగరు తగ్గి తియ్యదనం పెరుగుతుంది. నీడ దొరికితే మామూలు ఆకే. మీది అలాంటిదే కావచ్చు. కానీ నేను కంటితో చూసిందే చెప్పాలి కదా.”

“మళ్లీ ఎండలో ఉంచితే?”

“కొత్త చిగురు రావాలి. వారాలు పడుతుంది.”

మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. పాత వరసలు పీకే యంత్రం మర్నాడే వస్తోంది.

“కొమ్మలు కోసి నాటుకోండి. వేళ్లు పట్టేదాకా మాత్రం నీడ తప్పదు,” అని వెళ్లిపోయింది మేడమ్.

ఆ సాయంత్రమే కొమ్మలు కోశాడు. మర్నాడు పొదని పెకలిస్తుంటే అటు వెళ్లలేదు.

సంచుల్లో పాతిన కొమ్మల్లో ఒక్కటే బతికింది. ఆలోగా అన్నకి వేరే తోటలో పని దొరికింది. “నా తోటికోడలు జాగ్రత్త,” అని నవ్వుతూనే వదిన బండెక్కింది. అన్నావదినల గదికి తాళం పడింది.

ఏడాది తిరిగాక మొక్కని మెల్లమెల్లగా ఎండలోకి జరిపాడు. ఏదైనా కప్పుదామని మనసు పీకుతుంటే ఆపుకున్నాడు. చివరికి వచ్చింది చిగురు. నిమ్మపండు రంగే.

చూపించడానికి ఇంట్లో ఎవరున్నారు? సంచి ఎత్తుకుని మేస్త్రీ దగ్గరికి పరిగెత్తాడు.

“మేడమ్ బదిలీ అయిపోయారుగా,” అన్నాడు మేస్త్రీ, తలెత్తి ఒకసారి చూసి. “బాగుందిలే, ఆఫీసు వరండాలో పెట్టు. వచ్చేపోయేవాళ్లు చూస్తారు.”

“వరండాలో ఎండ పడదు.”

మేస్త్రీకి అర్థం కాలేదు. అతను మొక్కని చంకనెత్తుకుని వెనక్కి తిరిగాడు.