అమ్మ నోటికి బియ్యం

మా పక్కింటి అక్క తమిళనాడులోని రాజపాళయంలో ఒక స్పిన్నింగ్ మిల్లులో పని చేసేది. వాళ్ళింట్లో తనొక్కతే క్రైస్తవంలో కలిసింది. ఏ కులమని ఎవరు అడిగినా, షిఫ్టు దిగిన అలసటతోనే "నేను దేవుని కూతుర్ని" అనేది. క్రైస్తవులు తమను దేవుడు దత్తత తీసుకున్న పిల్లలుగా తలుస్తారని నేను లైబ్రరీలో చదివినాను. ఆ సంగతి చెప్తే, "అంతే తమ్ముడూ. అడిగేవాళ్ళకే అలుపు రాదు" అనింది.

వాళ్ళమ్మ పోయింది. మా వైపు చనిపోయినవాళ్ళ నోట్లో కన్నబిడ్డలు బియ్యం వేస్తారు, దాన్ని వాయ్‌కరిసి అంటాం. అక్క పిడికిట్లో బియ్యంతో వస్తే వాళ్ళన్న అడ్డం నిలిచినాడు.

"నువ్వు దేవుని కూతురివి కదమ్మా. మా అమ్మకు ఏమౌతావు?"

అక్క ముఖంలో కోపం కూడా లేదు.

"దేవుడు నన్ను కూతురని పిలిస్తే, ఆ పిలుపులో ఎంత ప్రేముందో నాకెట్ల తెలిసింది అన్నా? చిన్నప్పటినుంచి ఈమె పిలిచింది కాబట్టే కదా. జరుగు, నిలబడలేను."

అన్న జరిగినాడు. ఆమె బియ్యం వేసి, అమ్మ తల పక్కనే నేలమీద కూర్చుండిపోయింది. ఆ రోజంతా ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.