రెండంగుళాలు దించిన కారు

కారు ఎత్తు తగ్గించినందుకు మా వీధిలో నన్ను ఎగతాళి చెయ్యనివాళ్ళు లేరు. చిత్తూరులో ఆ పని చేయించుకునేది కాలేజీ కుర్రాళ్ళు. నలభై ఆరేళ్ళ లెక్కల టీచరు పొట్టి స్ప్రింగులు వేయించుకుంటే జనం నవ్వకుండా ఉంటారా? "ఏం మేడం, రేసుకు పోతా ఉండారా?" అని ఎదురింటాయన రోజూ అడిగేవాడు. "పోతా ఉండానప్పా, నువ్వు అడ్డం లెయ్యి" అనేదాన్ని.

కారణం మా నాయన. షుగరు ముదిరి ఆయన కుడికాలు మోకాలి కింద తీసేసి కట్టుడుకాలు పెట్టారు. మిగిలిన ఎడమకాలి మడమ మీద పుండు పడింది. దాన్ని నెలకోసారి తిరుపతి ఆసుపత్రిలో చూపించాలి. మా కారు సీటేమో ఎత్తు. మొదటిసారి నేనూ మా అన్నా ఆయన చంకల కింద చేతులు వేసి ఎత్తి కూర్చోబెట్టాం. తిరుపతి చేరేదాకా నాయన మొహం కిటికీ వైపు నుంచి తిప్పలేదు. మరుసటి నెల, "నేను రాను. సంటిబిడ్డ మాదిరి నన్ను ఎత్తొద్దండి" అన్నాడు. చూపించకపోతే ఆ కాలూ పోతుందని ఆయనకు తెలుసు. తెలిసే రానన్నాడు.

నాకు ఆయన మీద కోపం రాలేదు. ముప్పై ఏళ్ళు బస్సు తోలి ఊళ్ళకు ఊళ్ళను ఎక్కించుకున్న మనిషి. తనను ఇంకొకరు ఎక్కించడం ఆయనకు చావుతో సమానం. టేపు పెట్టి కొలిచాను. సీటు రెండంగుళాలు దిగితే ఆయన వెనక్కి ఒరిగి తానే కూర్చోగలడు. దించేశాను.

నాలుగు నెలలు బాగా సాగింది. ఒక ఉదయం కారు బయటికి తీస్తుంటే ముందు చక్రాలు వాకిట్లో ముగ్గు మీదుగా పోయాయి. దిగి చూస్తే టైరు అచ్చు సగమే పడింది. లోపలి అంచు తొక్కిన చోట పిండి చెదిరింది, బయటి అంచు కింద ముగ్గు ముగ్గులాగే ఉంది. వంగి టైరు లోపలివైపు చెయ్యి పెడితే రబ్బరులోంచి బయటపడ్డ ఇనప తీగ గుచ్చుకుంది. పైకి కొత్తదానిలా ఉన్న టైరు లోపల పూర్తిగా అరిగిపోయింది.

అన్నకు సందు దొరికింది. "పాత స్ప్రింగులు ఎయ్యి. నాయనను నేనెత్తుకుంటా. కన్నకొడుకు ఎత్తితే తప్పేముండాది?"

"నీకు తప్పు లేదు. ఆయనకు ఇష్టం లేదు" అన్నాను. ఆ మాట అన్న బుర్రకు ఈనాటికీ ఎక్కలేదు. ఆ టైర్లతో తిరుపతి దాకా కారు తియ్యలేక, ఆ నెల నాయన ఆసుపత్రికి పోనే లేదు.

బైపాసు పక్కన అలైన్‌మెంట్ షాపుకు పోయాను. స్ప్రింగులు వేసిన రోజు చక్రాలు సరిచేసింది కూడా ఆ షాపాయనే. "ఆ పొద్దు అన్నీ సరిగ్గానే ఉండె మేడం. మీరు తోలేదాంట్లో ఏందో ఉండాది. ఆడోళ్ళు స్టీరింగు ఊరికే తిప్పతా ఉంటారు" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వాటం. నాకు ఒళ్ళు మండింది. నాకు స్టీరింగు పట్టుకోవడం నేర్పింది మా నాయన.

ఇంటికి పోయి ముగ్గుపిండి డబ్బా తెచ్చి, ఆయన షాపు గచ్చు మీద రెండు బారలు పరిచాను. "ఇప్పుడు నువ్వే తోలప్పా" అన్నాను. పనివాళ్ళంతా చూస్తున్నారు, ఆయనకు తప్పలేదు. తోలాడు. అచ్చు సగమే పడింది. వంగి దాన్ని చూసి, చక్రాలు కొలిచే మిషను ఆన్ చేశాడు.

కొత్త స్ప్రింగులు కొన్ని వారాలకు ఇంకాస్త దిగుతాయట. అప్పుడు మళ్ళీ చక్రాలు సరిచేయించాలట. "ఆ మాట చెప్పకపోయింది నా తప్పే" అని ఒప్పుకున్నాడు. "చక్రం పైభాగం లోపలికి ఒరిగింది మేడం. ఈ కారుకు దాన్ని నిలబెట్టే ఏర్పాటు లేదు. వేరే బోల్టులు ఎయ్యల్ల. ఎందుకొచ్చిన తంటా, కారును మళ్ళీ పాత ఎత్తుకు లేపుకోండి."

"ఆ బోల్టులు యాడ దొరుకుతాయి?"

"మద్రాసులో."

"తెప్పియ్యి."

బోల్టులు వచ్చిన రోజు నాయన తానూ వస్తానన్నాడు. షాపులో కుర్చీ వేయించుకుని పనంతా కన్నార్పకుండా చూశాడు. కొత్త టైర్లు, బోల్టులు బిగించాక షాపాయన, ముందు సీట్లో ఎప్పుడూ మనిషి ఉంటాడు కాబట్టి ఆ బరువు ఉంచి కొలవాలన్నాడు. ఇసుక సంచి తెమ్మని పనివాడిని కేకేశాడు.

"సంచి ఎందుకప్పా, నేనుండా గదా" అంటూ నాయన లేచాడు.

పనివాడు పట్టుకోబోతే "పక్కకుండప్పా" అన్నాడు. కారుకు వీపు పెట్టి, తలుపు మీద చెయ్యి ఆనించి, మెల్లగా వెనక్కి ఒరిగి కూర్చున్నాడు. కట్టుడుకాలును రెండు చేతులతో లోపలికి లాక్కున్నాడు. తలుపు తానే వేసుకున్నాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. సాయం పట్టకుండా నిలబడటం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

మిషను తెర మీద ఎర్రగా ఉన్న అంకెలు ఒక్కొక్కటే పచ్చగా మారాయి. షాపాయన చేతులు తుడుచుకుంటూ, "నిజం చెప్తా ఉండా మేడం. మామూలు కారుకన్నా ఈ టైర్లు తొందరగానే పోతాయి" అన్నాడు.

"పోనీలేప్పా. పోయినప్పుడల్లా కొత్తవి ఏపిస్తా."

నాయన అద్దం దించి నన్ను పిలిచాడు.

"పాపా, ఇట్నుంచి ఇట్లే తిరుపతికి పోనియ్యి. కాలు సూపించుకోవల్ల."