బాపు సాంచకు నేను పెట్టిన నల్లపిడి

నేను చేసిన సైన్సుతోటి లోకానికి ఇప్పటిదాక ఏం ఒరగలే గని, మా బాపు మాత్రం ఒకనాడు జానెడెత్తు ఎగిరిండు. తప్పు మొత్తం నాదే. చెప్త, ఇనుండ్రి. నవ్వొస్తె నవ్వుండ్రి, మా అవ్వ ముంగట మాత్రం గీ ముచ్చట తీయకుండ్రి.

మాది సిరిసిల్ల. బాపు సాంచలు నడుపుతడు, అంటే కరెంటు మగ్గాలు. నన్ను కన్న అవ్వ బీడీలు చుడుతది. నేను గప్పుడు పట్నంల పీహెచ్‌డీ చేస్తున్న. నా పనేందంటే కార్బన్ నానోట్యూబులు. వెంట్రుకను వేల పోగులు చీలిస్తె ఒక్క పోగుంటది సూడుండ్రి, గంత సన్నటి బొగ్గు గొట్టాలు. వాటిని ప్లాస్టిక్ జిగురుల కలిపి బిళ్లలు పొయ్యాలె. ఆరినంక గా బిళ్లలకెళ్లి కరెంటు పారాలె. పారితె డాక్టరమ్మను, పారకపోతె మళ్ల మొదటికే.

ఏడాది పోసిన. ఇడ్లీలైతె సిరిసిల్ల మొత్తం కడుపునిండ తినేది. మీటరు పెడితె సున్న. మళ్ల పెడితె మళ్ల సున్న. బిళ్లలు మాత్రం అద్దం లెక్క మెరిసేటియి. గా మెరుపుకు మురిసి, ఒక్క గీత పడనియ్యకుండ మెత్తటి గుడ్డల సుట్టి దాసుకునేదాన్ని. ఆఖరికి మా సార్ అన్నడు, "సోమవారం దాక సూద్దామమ్మా. పారకపోతె టాపిక్ మార్చుడే." ఏడుపు మింగుకుంట, ఒక బిళ్ల సంచిల ఏసుకొని ఇంటికొచ్చిన.

వచ్చి సూస్తె బాపు సాంచ స్విచ్చుకు పిడి లేదు. విరిగిపోయింది. బయటికొచ్చిన ఇత్తడి పుల్ల ముడితె షాక్ కొడుతదని, దానికి సైకిల్ ట్యూబు ముక్క సుట్టి నడుపుతుండు. నా దిమాక్ పనిచేసింది.

"బాపూ, గీ నల్లబిళ్లతోటి పిడి చేసుకో. ఉక్కు అసొంటిది. దీంట్లకెళ్లి కరెంటు పోనే పోదు."

"పక్కానా బిడ్డా?"

"ఏడాది సంది కొలుస్తున్న బాపూ! నాకంటె ఎక్కువ ఎవలకు తెలుసు?"

గీ మాట చెప్పాల్నంటె ఇప్పటికీ సిగ్గయితది.

బాపు ఆకురాయి పట్టి బిళ్లను నాలుగు దిక్కుల రాకిండు, బొక్క పెట్టిండు, మెయిన్ బంద్ చేసి పుల్లకు తొడిగిండు, మళ్ల మెయిన్ ఏసిండు. మురిపెంగ మీద చెయ్యేసిండు.

"అవ్వో!"

"ఏమైంది బాపూ?"

"షాక్ కొట్టింది బిడ్డా!"

"కొట్టదు బాపూ."

"నాకు కొట్టిందే!"

"నీకు గట్ల అనిపించింది."

"అనిపిస్తె మోచెయ్యి దాక జివ్వుమంటదా?"

పక్క సాంచ మీది రాజేశం కాక నా దిక్కు మాట్లాడిండు. "అన్నా, పోరి గంత చదివింది, ఉత్తగనే చెప్తదా? జరుగు." చెయ్యి పెట్టిండు. "ఓరి నాయినో!" అని నూలు బుట్టల వోయి కూసున్నడు.

"మీ చేతులు చెమటవట్టినయి" అని ఇద్దరినీ కోప్పడి, నేను ముట్టిన.

పండ్లు టకటక కొట్టుకున్నయి.

"బాపూ! షాక్ కొట్టింది!"

"గదే కదనే గప్పటిసంది మొత్తుకునేది!"

"కొట్టింది బాపూ, కొట్టింది!" అని సాంచల నడుమ గంతులేసిన. అవ్వ బీడీల చాట పట్టుకొనే ఉరికొచ్చింది.

"తండ్రికి షాక్ కొడితె ఎగురుతున్నవా, పిచ్చిపోరీ?"

"అవ్వా, కరెంటు పారుతుందే!"

"మోటారుకు కరెంటు పారక కల్లు పారుతదా?"

బాపు మెయిన్ బంద్ చేసి, పిడి ఊడదీసి సూసిండు. "పైన ఒకటుంది, లోపల ఒకటుంది గదనే. రాకి సూడలేదా నువ్వు? బట్ట కొనేటోడు సుత మడత ఇప్పి సూస్తడు బిడ్డా."

గప్పుడు సమజైంది. జిగురు ఆరేటప్పుడు పాలమీద మీగడ లెక్క వట్టి ప్లాస్టిక్ పొర పైకి తేలుతది. గొట్టాలన్ని కిందనే ఉంటయి. ఏడాది సంది నేను మీగడకు మీటరు పెడుతున్న! పైన పటారం, లోన లొటారం అంటరు. నాది ఉల్టా. పైన లొటారం, లోన పటారం.

నేను నవ్వుకుంట ఏడుస్తుంటె బాపు పరేషానయ్యి దగ్గరికొచ్చిండు.

"అయితె నీ పని అయినట్టేనా బిడ్డా?"

"అయినట్టే బాపూ."

"ఇంకోసారి పట్టుకుని సూడమంటవా?"

అసొంటి బాపు ఎవలకుంటడు చెప్పుండ్రి. మెడ పట్టుకొని బోరుమన్న.

సోమవారం నాడు బిళ్లలన్నిటిని రాకి మీటరు పెడితె అంకెలు ఉరికినయి. సార్ కండ్లు పెద్దగ చేసి అడిగిండు, "ముందుగాల ఏ పరికరంతోటి కనుక్కున్నవమ్మా?"

"మా బాపుతోటి సార్."

గందుకే అందరి ముంగట ఒట్టేస్తున్న. బతికున్నన్ని దినాలు, నేను చేసిన వస్తువును ముందుగాల నేను ముట్టనిదే మా బాపు చేతికియ్య. ఇయ్యాల్నన్నా ఎట్ల ఇయ్యాలె? ఇప్పుడు డాక్టరమ్మనే గని, మా ఇంట్ల బల్బు మార్చాల్నంటె ముందుగాల నన్ను బయటికి పంపుతరు.